తుంటి మార్పిడి: ముందు నుంచా, వెనక నుంచా?

తుంటి మార్పిడి ఏ దారిన చేసినా లోపల పెట్టే సామాను దాదాపు ఒకటే. కటి ఎముక గుంటలో లోహపు కప్పు, దానికి ప్లాస్టిక్ లైనరు, తొడ ఎముక గొట్టంలోకి దిగే కాడ, దాని కొసన సాధారణంగా 32 లేదా 36 మిల్లీమీటర్ల బంతి. అక్కడికి చేరే దారిలోనే తేడా.

వెనక దారిలో రోగిని పక్కకు తిప్పి పడుకోబెడతారు. పిరుదు పెద్ద కండరాన్ని పోగుల వెంట విడదీసి, తొడను బయటికి తిప్పే చిన్న కండరాలను ఎముక దగ్గర కోస్తారు. తొడ ఎముక బాగా కనబడుతుంది, కాడ దించడం తేలిక. కాకపోతే కాలికి వెళ్లే పెద్ద నరం (సయాటిక్) పక్కనే ఉంటుంది. చివర్లో ఆ కండరాలనూ కీలు సంచినీ తిరిగి ఎముకకు కుట్టాలి. ఈ కుట్టు లేకపోతే బంతి వెనక్కి జారే ముప్పు పెరుగుతుంది. తుంటి 90 డిగ్రీలు దాటి మడిచి, మోకాలు లోపలికి తిప్పితే జారుతుంది. పల్లపు సోఫాలోంచి లేచేటప్పుడు, కింద పడ్డ చెప్పు అందుకునేటప్పుడు సరిగ్గా జరిగేది ఇదే. అందుకే ఎత్తు కమోడు, నిద్రలో కాళ్ల మధ్య దిండు. గొంతుక్కూర్చోవడం వద్దు.

ముందు దారిలో వెల్లకిలా పడుకోబెట్టి, కండరాలను తెంచకుండా రెండింటి సందులోంచి వెళ్తారు. తొలి వారాల్లో నొప్పి కాస్త తక్కువ, వాకర్ కొంచెం ముందే వదులుతారు. ఆ సందులోంచి తొడ ఎముకను పైకి తేవడమే కష్టం. చేయి తిరగని సర్జను దగ్గర ఎముక చిట్లవచ్చు. తొడ బయటివైపు మొద్దుబారడం మామూలే. పొట్ట మడత కోత మీద పడే లావుపాటివాళ్లలో గాయం మానడం ఆలస్యమవుతుంది. ఇక్కడ జాగ్రత్త తిరగబడుతుంది: కాలు వెనక్కి చాచి పాదం బయటికి తిప్పకూడదు. పక్కింటివాళ్ల ‘చేయకూడనివి’ మీకు పనికిరాకపోవచ్చు.

తుంటి పక్క నుంచి వెళ్లే మూడో దారిలో బంతి జారడం తక్కువే గానీ, నడుస్తుంటే కటిని నిలబెట్టే కండరం కొంత విప్పాలి. అది సరిగా అతుక్కోకపోతే కుంటు మిగులుతుంది.

మూడు నెలలకల్లా నడకలో ఈ తేడాలు చాలావరకు చెరిగిపోతాయి. ‘చిన్న కోత’ ప్రకటనలకు నేనైతే విలువివ్వను. ఈ దారిలో ఏటా ఎన్ని చేస్తారని సర్జన్ను అడగడం మేలు.

ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వచ్చి, కాలు పొట్టిగా కనబడి, పాదం లోపలికో బయటికో తిరిగి ఉండిపోతే బంతి జారి ఉండవచ్చు. ఎవరినీ కాలు లాగనివ్వకండి. పడుకోబెట్టి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.