శ్రీకారం చుట్టే పాళీ

కొత్త కలం చేతికిస్తే మనలో చాలామంది మొదట రాసేది "శ్రీ". ఆ తర్వాత సంతకం. అలవాటుగా రాసేస్తాం కానీ, పాళీకి అంతకన్నా గట్టి పరీక్ష నాకు తెలియదు. శకారపు మెలిక, పైన గుడిదీర్ఘపు సుడి, కింద నుంచి చుట్టుకుంటూ వచ్చే క్రారవడి. ఒక్క అక్షరంలోనే పాళీ మొన నాలుగు దిక్కులూ తిరిగి వస్తుంది. శ్రీకారం "చుట్టడం" అంటాం మరి.

నా దగ్గర పదిహేడు ఇంక్ పెన్నులున్నాయి. సిరా నింపి ఉంచేవి మూడే. మిగతా పద్నాలుగూ చెడ్డవేమీ కావు, వాటిలో రెండు మూడు నా స్తోమతకు మించి కొన్నవి కూడా. వాటి పాళీలు నా రాతకు కుదరలేదు, అంతే. ఎందుకు కుదరలేదో అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది.

అసలు సిరా కిందికి ఎలా వస్తుంది? బడిలో బల్ల మీద సిరా ఒలికితే చాక్‌పీసు ఆనించేవాళ్లం. నీలిరంగు దానంతట అదే పైకి పాకేది. సుద్దలో కంటికి కనిపించనంత సన్నటి సందులుంటాయి. ద్రవం ఆ సందుల గోడలను అంటుకుని, తలతన్యత వల్ల తనవెంట మిగతా ద్రవాన్నీ లాక్కుపోతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని కేశనాళికీయత అన్నారు. సందు ఎంత ఇరుకైతే లాగుడు అంత బలంగా ఉంటుంది.

ఇంక్ పెన్ను అంటే ఇలాంటి సందుల వరసే. పాళీ కింద నల్లగా ఉండే ముక్కను మేము నాలుక అనేవాళ్లం. దాని మీది గాడి సన్నం. పాళీ మధ్య చీలిక అంతకన్నా సన్నం, మొన దగ్గరికి వచ్చేసరికి మరీ సన్నం. కాగితపు పీచుల మధ్య ఖాళీలు అన్నిటికన్నా సన్నం. అందుకే మొన కాగితానికి తగలగానే సిరా అటు వెళ్తుంది, ఎత్తగానే మొన దగ్గరే ఆగిపోతుంది. నిజానికి రాసేటప్పుడు కలం సిరాను కార్చదు, కాగితమే తాగుతుంది.

ఇంతటితో అయిపోతే కలం ఎప్పుడో తయారయ్యేది. నూనె డబ్బాకు ఒకటే రంధ్రం పెడితే నూనె సరిగా రాదు, గాలి లోపలికి వెళ్లడానికి రెండోది కావాలి. కలానికీ అదే చిక్కు. పెట్రాకె పొయినారు అనే రుమేనియా యువకుడు 1827లో పారిస్‌లో కలానికి పేటెంట్ తీసుకున్నాడు. కానీ సిరా, గాలి ఒద్దికగా ఎదురెదురు నడవడానికి నమ్మకమైన దారి చూపింది 1884లో అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ తీసుకున్న పేటెంట్. నాలుక గాడి అడుగున అతను సన్నటి గాట్లు పెట్టాడు. గాట్లలో సిరా దిగుతుంటే, పైనున్న గాడిలోంచి గాలి లోపలికి వెళ్తుంది. సిరా మరక పడి ఒక పెద్ద బీమా ఒప్పందం పోయిందని, ఆ కసితోనే అతను ఇది కనిపెట్టాడని ఒక కథ చెబుతారు. కథ బాగుంది, నేను మాత్రం నమ్మను.

ఇక పాళీ ఎంపిక. ఫైన్, మీడియం, బ్రాడ్ అన్న గుర్తులు అన్ని దేశాల్లో ఒకటి కావు. జపాన్ ఫైన్ పాళీ గీత దాదాపు యూరప్ ఎక్స్‌ట్రా ఫైన్ అంత సన్నగా ఉంటుంది. చిన్న గడిలో పదీ పదిహేను గీతలు ఇరికించాల్సిన లిపి వాళ్లది. మనదీ ఒక రకంగా అలాంటి ఇరుకే. "రాష్ట్రం" అని రాయండి. షకారం కింద టవత్తు, దానితోపాటు క్రారవడి. వత్తు కడుపులో ఉండే ఖాళీ మామూలు రాతలో మిల్లీమీటరు కూడా ఉండదు. నేను మోజుపడి కొన్న బ్రాడ్ పాళీతో రాస్తే ఆ ఖాళీ పూడిపోయి వత్తు కాస్తా మచ్చగా మిగిలింది. ఇంగ్లిషు సంతకానికి అదే పాళీ దర్జాగా ఉంటుంది. తెలుగుకు సన్నపాళీయే మేలని నా అభిప్రాయం. పొడుగ్గా, వత్తులకు చోటు వదిలి రాసేవాళ్లు మీడియం దాకా వెళ్లవచ్చు.

మందం ఒక్కటే చూస్తే చాలదు. ఇంగ్లిషు కలిపిరాతలో పదం పూర్తయ్యేదాకా కలం దాదాపు ఎత్తక్కర్లేదు. కరణాల లెక్కల్లోని గొలుసుకట్టు రాత పోయాక, మనం అక్షరానికి రెండు మూడు సార్లు కలం ఎత్తి దించుతున్నాం. తలకట్టుకు ఒకసారి, వత్తుకు ఒకసారి. అందువల్ల మొన తగిలిన మరుక్షణం సిరా అందకపోతే ఇంగ్లిషులో పదానికొక్కసారి పడే ఇబ్బంది, తెలుగులో అక్షరమక్షరానికీ పడుతుంది. నా కలాల్లో ఒకటి సరిగ్గా ఇలాగే తలకట్టులన్నీ మింగేసేది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో చూస్తే సంగతి తెలిసింది. ధవళేశ్వరం దగ్గర గోదావరిలా పాళీ రెండు పాయలుగా చీలి ఉంటుంది కదా, ఆ పాయల లోపలి అంచులను నునుపు కోసం మరీ ఎక్కువగా గుండ్రం చేశారు. సిరా ఆ గుంతలో వెనక్కి తగ్గి నిలబడింది, కాగితాన్ని తాకడం లేదు. వేలికి వెన్నలా తగిలే పాళీ రాయకపోవడానికి ఆ నునుపే కారణం.

మొనలో అసలు ఏముంది? పాళీ మీద 14 క్యారెట్ అని ఉంటే అందులో బంగారం 58.5 శాతం. అయితే కాగితానికి తగిలేది బంగారం కాదు. బంగారం మెత్తన, కాగితం దాన్ని త్వరగానే అరగదీస్తుంది. అందుకే మొనకు ప్లాటినం జాతి గట్టి లోహాల మిశ్రమాన్ని చిన్న పూసగా అతికిస్తారు. దానికి ఇరిడియం అన్న పేరు స్థిరపడింది, ఇప్పటి మొనల్లో చాలావాటికి ఆ లోహంతో సంబంధమే ఉండదు. బంగారం వాడుక మొదలైంది ఇనుము కలిసిన ఆమ్లపు సిరాలకు తుప్పు పట్టకుండా తట్టుకోవడానికి. తుప్పు పట్టని ఉక్కు వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరింది. పూస బాగుంటే ఉక్కు పాళీతో హాయిగా రాసుకోవచ్చు.

రాజమహేంద్రవరం కలాల గురించి చెప్పకుండా ఉండలేను. కె.వి. రత్నం 1932లో అక్కడ స్వదేశీ కలాల తయారీ మొదలుపెట్టారు. ఆయన పంపిన కలం బాగుందని గాంధీ 1935లో ఉత్తరం రాశారు. ఆ ఊరి కలాలకు పేరు తెచ్చింది ఎబొనైట్, అంటే రబ్బరులో 30 శాతం దాకా గంధకం కలిపి ఉడికించిన గట్టి పదార్థం. లేత్ మీద చక్కగా తెగుతుంది, చేతికి వెచ్చగా ఉంటుంది, ఎండలో ఎక్కువకాలం పెడితే నలుపు పోయి వెలిసిపోతుంది. వీటిలో చాలావరకు ఫిల్లర్‌తో సిరాను నేరుగా గొట్టంలోనే పోసుకునే రకం.

ఇలాంటి కలం సిరా తగ్గాక కక్కుతుందన్నది పాత ఫిర్యాదు. లెక్క వేసి చూద్దాం. గొట్టంలో 2 మిల్లీలీటర్ల గాలి ఉంది, గది 24 డిగ్రీలు, చేతి వేడికి ఆ గాలి 34కు చేరింది. గాలి సుమారు 3.4 శాతం వ్యాకోచిస్తుంది. అంటే 0.07 మిల్లీలీటర్ల సిరా బయటికి రావాలి. ఒక చుక్క 0.05. నాలుక మీది దువ్వెన పళ్లలాంటి గాట్లు పట్టినంత పట్టుకుంటాయి, మిగతాది మీ కాగితం మీదికే. గొట్టం నిండా సిరా ఉన్నప్పుడు వ్యాకోచించే గాలే ఉండదు. సిరా సగానికి తగ్గగానే మళ్లీ నింపుకుంటే గొడవ లేదు.

మా పెదనాన్నగారి కలం ఒకటి నా దగ్గర ఉంది. ముప్పై ఏళ్లు దానితోనే ఉత్తరాలు రాశారు. నేను "శ్రీ" రాస్తే క్రారవడి దగ్గర గీరుతుంది, ఒక్కోసారి పీచు కూడా లేస్తుంది. భూతద్దంలో చూస్తే మొన ఒక పక్క ఏటవాలుగా, అద్దంలా అరిగి ఉంది, నేను పట్టుకునే వాటానికి సరిగ్గా అవతలి పక్క. ఆయనది ఎడమచేతి వాటం. సన్నటి రాపిడి కాగితంపై ఎనిమిది అంకెలు దిద్దితే నా చేతికి సరిపోతుంది, అయిదు నిమిషాల పని. ఆ కాగితం కొని కూడా రెండేళ్లయింది. ఇంకా కవరులోనే ఉంది.