1.5 వచ్చింది, ఇక భయం లేదా?

"సాఫ్ట్‌వేర్‌లో భద్రతా గుణకం 1.5 వచ్చింది కదండీ, ఇంకా పీజోమీటర్లు దేనికి?" వాలు స్థిరత్వ నివేదిక ఇచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. నాకు విసుగు పుట్టించే మాట ఇదే. భద్రతా గుణకం అంటే వాలును నిలబెట్టే బలం, దాన్ని కిందికి జార్చే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె; అది 1 కంటే తగ్గితే వాలు జారుతుంది. పీజోమీటరు నేలలోని నీటి పీడనాన్ని కొలిచే పరికరం.

అపోహ: భద్రతా గుణకం 1.5 దాటితే వాలు జారదు.

వాస్తవం: ఆ అంకె మీరు గీసిన నీటి మట్టానికీ, మీరు రాసిన మట్టి బలానికీ వచ్చిన జవాబు. సంసంజనం (రేణువులను అతికించి ఉంచే గుణం) లేని ఇసుక నేల తీసుకోండి. ఘర్షణ కోణం (రేణువుల మధ్య రాపిడి ఎంతో చెప్పేది) 31 డిగ్రీలు, వాలు ఒక మీటరు ఎత్తుకు రెండున్నర మీటర్ల అడ్డం. పొడిగా ఉన్నప్పుడు లోతు తక్కువ జారుడుకు గుణకం 1.5. నేల పైదాకా నీటితో నిండి, ఆ నీరు వాలు వెంబడి ఊరుతూ ఉంటే అది సుమారు 0.76కు పడిపోతుంది. ఈ లెక్కకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక తవ్వకపు వాలుకు 1.52 అని రాసి సంతకం పెట్టాను. బోర్లు వేసింది ఎండాకాలంలో. ఆ రోజు కనిపించిన నీటి మట్టాన్నే గీతగా గీశాను. వానలు పడ్డాక పైఅంచున వేలు దూరేంత పగుళ్లు వచ్చాయి. పీజోమీటర్లు పెట్టి చూస్తే నీరు నా గీతకు నాలుగు మీటర్ల పైన ఉంది. అదే ఫైలులో గీత ఒక్కటి జరిపితే 1.04 వచ్చింది. అడ్డంగా డ్రెయిన్లు వేసి నీటిని దించాక గాని కదలిక ఆగలేదు. ఆ రెండు వారాలు నాకు నిద్ర లేదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ చూపిన జారుడు వృత్తమే (మట్టి జారే వంపు తలం) అత్యంత ప్రమాదకరమైనది.

వాస్తవం: అది మీరిచ్చిన పరిధిలోనే వెతుకుతుంది. బెత్తెడు మందం మెత్తటి బంకమట్టి పొరను మీరు నమూనాలో పెట్టకపోతే దానికి తెలియదు. పెట్టినా, వృత్తాకారం కాని తలాలను కూడా వెతకమనాలి.

అపోహ: ఫైనైట్ ఎలిమెంట్ (నేలను చిన్న ముక్కలుగా విడగొట్టి ఒత్తిడినీ కదలికనూ లెక్కించే పద్ధతి) వచ్చాక, జారే తలాన్ని ఊహించి లెక్కించే పాత పద్ధతులు దండగ.

వాస్తవం: ఒకే బలం, ఒకే నీటి పీడనం ఇస్తే మామూలు వాలుల్లో రెండూ దగ్గరగానే వస్తాయి. వృత్తాకార తలానికి 1955 నాటి బిషప్ పద్ధతి ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. వాలు ఎంత కదులుతుందో తెలియాలంటే ఫైనైట్ ఎలిమెంట్ వాడండి.

వాలు కింద ఇల్లున్నవారు నివేదికలో 1.3 చూసి వణికిపోతూ ఫోన్ చేస్తారు. వారి భయం నాకు అర్థమవుతుంది. తాత్కాలిక తవ్వకాలకు 1.3ను అంగీకరించడం మామూలే, కాబట్టి అది ఏ దశకు రాసిన అంకో ముందు అడగండి. ఆ తర్వాత బయటికి వెళ్లి వాలును చూడండి. పైఅంచున కొత్త పగుళ్లు, పాదం దగ్గర ఉబ్బు, అంతకుముందు లేని బురద ఊట కనిపిస్తే, నివేదికలో 2 ఉన్నా సరే, మనుషులను అక్కడి నుంచి తప్పించి ఇంజినీరును పిలవండి.