పొట్ట మీద గీత కూడా పడలేదండీ అంటే నమ్మను

నేను కోనసీమలో సర్జన్‌ని. దెబ్బ తగిలి, అప్పటికప్పుడు పొట్ట తెరవాల్సి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది 20 నుంచి 40 ఏళ్ళ మగవాళ్ళే. కాలవ గట్టు మీద బండి అదుపు తప్పినవాళ్ళు, ట్రాక్టరు తిరగబడి కింద పడ్డవాళ్ళు, కొబ్బరి దింపుకెళ్ళి చెట్టు మీంచి జారినవాళ్ళు. కత్తిపోట్లు తక్కువే.

అపోహ: పైన గాయం లేదు, లోపలా ఏమీ కాలేదు.

బండి హ్యాండిల్ పొట్టలో గుద్దుకుంటే చర్మం మీద రూపాయి బిళ్ళంత కమిలిన మచ్చ కనిపిస్తుంది, అంతే. లోపల మాత్రం పేగు హ్యాండిల్‌కీ వెన్నెముకకీ మధ్య నలిగి చిల్లు పడి ఉండొచ్చు. మొదటి కొన్ని గంటలు నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, స్కాన్‌లోనూ దొరక్కపోవచ్చు, మర్నాటికి పొట్ట ఉబ్బి చెక్కలా బిగుసుకుపోయి జ్వరంతో వస్తాడు. ఒక రోజు ఉండమంటే బిల్లు కోసమే అంటారు (ఆ మాట నా ముందే అన్నారు కూడా), కానీ గంట గంటకీ పొట్ట తడిమి చూడటమే అక్కడ అసలు పరీక్ష.

అపోహ: బీపీ బాగుంది, నడిచి వచ్చాడు.

పెద్దమనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. అందులో ఒకటిన్నర లీటరు దాకా పొట్టలోకి కారిపోయినా కుర్రాడి బీపీ నిలబడే ఉండొచ్చు. ముందు నాడి వేగం పెరుగుతుంది, చేతులు చల్లబడి చెమట పడుతుంది, దాహం వేస్తుంది. గట్టిగా అరిచేవాడి కంటే మంచినీళ్ళు అడుగుతూ మెల్లగా మగతలోకి జారేవాడిని చూస్తేనే నాకు టెన్షన్.

ఆ దాహం చూసి మనవాళ్ళు కొబ్బరి బొండాం కొట్టి తాగించేస్తారు. వద్దు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇప్పటికే తాగించేసి ఉంటే దాచకుండా చెప్పండి, ఎవరూ కొట్టరు.

అపోహ: స్ప్లీన్ (ప్లీహం, పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం) చిట్లితే కోయాల్సిందే.

కాదు. బీపీ, నాడి నిలకడగా ఉంటే సీటీ స్కాన్ చేసి, పడకలో ఉంచి చూస్తాం. చాలామందికి స్ప్లీన్, లివర్ దెబ్బలు కోత లేకుండానే మానతాయి. స్ప్లీన్ తీసేయాల్సి వస్తే మాత్రం కొన్ని ఇన్ఫెక్షన్లు తీవ్రంగా పట్టుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాటిని ఆపే న్యుమోకాకల్, మెనింజోకాకల్ టీకాలు వేయించుకోవాలి, ఆ తర్వాత ఎన్నేళ్ళకైనా చలిజ్వరం వస్తే బిళ్ళ వేసుకుని పడుకోకుండా వెంటనే రావాలి.

"తాగి పడ్డాడు, మత్తు దిగితే లేస్తాడు" అనేది ఇంకోటి. తాగిన మత్తులో లోపలి నొప్పి బయటపడదు, కాబట్టి అలాంటివాడిని రెండింతలు అనుమానించాలి.

పేగు బయటికి వచ్చిందా, లోపలికి తొయ్యకండి. శుభ్రమైన తడిగుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి. కత్తి దిగి ఉంటే పీకకండి, కదలకుండా అలాగే పట్టుకుని తీసుకురండి, తీసే పని మాది.