కరెంటు పోతే సోలారూ ఆగుతుంది: మేడ మీది పలకల గురించి అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఇళ్ల మీద సోలార్ బిగించే పని నాది. కొలతలకు ఏ ఇంటికి వెళ్లినా ఇదే మాట: "ఇంక కరెంటు పోయినా మాకు దిగులు లేదు కదా!" ఉందండీ.

వేదాయపాళెంలో ఒక రిటైర్డ్ అయ్యవారు, సోలార్ వస్తుంటే ఇవి ఎందుకని ఇంట్లో ఇన్వర్టర్, బ్యాటరీ రెండూ పాత సామాన్లకు వేసేశారు. మే నెల, మిట్టమధ్యాహ్నం ఫోన్. "ఏందబ్బయా, నెత్తిన ఎండ మండతా ఉంటే ఫ్యాన్ తిరగదే? పలకలు చెడిపోయినాయా?" చెడిపోలేదు, లైన్లో కరెంటు లేదు. ముందే విడమరిచి చెప్పకపోవడం నా తప్పు.

మనలో ఎక్కువమంది పెట్టించుకునేది ఆన్‌గ్రిడ్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుతో కలిసి నడిచేది. లైను ఆపి లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉంటాడు, ఆ టైంలో మీ మేడ మీది కరెంటు తీగల్లోకి పోతే అతని ప్రాణం పోతుంది, అందుకే లైన్లో సప్లై పోగానే సోలార్ ఇన్వర్టర్ (పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) దానంతటదే ఆగేలా చేస్తారు. ఏ కంపెనీదైనా అంతే. అసలే మనకు తుఫాన్ల జిల్లా. కోతల్లోనూ కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ పెట్టించండి, ఖర్చు బాగా పెరుగుతుంది. లేదంటే పాత ఇన్వర్టర్ అమ్మకండి. రెండు ఫ్యాన్లకు, నాలుగు లైట్లకు అది చాలు, సోలార్‌తో దానికి గొడవేం లేదు. అయ్యవారు మళ్లీ కొత్త బ్యాటరీ కొన్నారు, నాకు ఇప్పటికీ మొహం చెల్లదు.

ఎండ ముదిరితే కరెంటు ఎక్కువ వస్తుందనేది ఇంకోటి. పలకకు వెలుతురు కావాలి, వేడి పడదు. పలకలోని సెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి కరెంటు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. కాబట్టి రోహిణి కార్తెలో యూనిట్లు తగ్గాయని టెన్షన్ పడకండి. ఏడాది సగటున కిలోవాట్‌కి రోజుకు 4 యూనిట్లు వస్తే బాగున్నట్టే. పైగా పలకల నీడలో శ్లాబు అంతగా కాగదు, కింద గదికి అదో లాభం.

పలకలు పిడుగుల్ని పిలవవు, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూసుకోండి. పలకల నుంచి రేడియేషన్ వస్తుందని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు దండం.

"మొత్తం ఫ్రీ, ముందు అడ్వాన్స్ కట్టండి" అంటే అక్కడే ఆగండి. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు, ఆపైన ఎంత పెట్టినా ఇంటికి సబ్సిడీ 78,000 రూపాయలే. అదీ బిగించి, నెట్ మీటర్ (మీరు లైనుకు ఇచ్చిన, తీసుకున్న కరెంటు రెండూ లెక్కేసేది) పడ్డాక మీ ఖాతాలోకే వస్తుంది.

సముద్రం పక్క ఊళ్లవాళ్లు ఉప్పు బోరు నీళ్లతో పలకలు కడగొద్దు, తెల్లటి మరకలు కడతాయి. మంచి నీళ్లతో, తెల్లవారుజామునే కడగండి.