తిరుపతి నుంచి కర్నూలుకు విమానంలో 50 నిమిషాలేనా? అపోహలు - వాస్తవాలు

రేణిగుంటలో, అంటే తిరుపతి ఎయిర్‌పోర్టులో, దిగేవాళ్ళకు, ఎక్కేవాళ్ళకు విమానం టికెట్లు చేసిపెట్టడం నా పని. పదహారేళ్ళుగా రోజూ ఒకరైనా ఫోన్ చూపించి అడుగుతారు: "ఇంత దూరమే కదా, ఇంత టైమ్ ఎందుకు?"

అపోహ: సైట్‌లో దూరం, టైమ్ ఉన్నాయంటే ఆ రూటులో విమానం ఉన్నట్టే.

ఆ మధ్య కర్నూలు నుంచి దర్శనానికి వచ్చిన ఒక పెద్దాయన ఫోన్ చూపించారు. తిరుపతి - కర్నూలు 275 కిలోమీటర్లు, 50 నిమిషాలు. "రెండు టికెట్లు చెయ్యి నాయనా" అన్నారు. దూరం తప్పేం కాదు. రేణిగుంట నుంచి కర్నూలు దగ్గరి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకు గీత గీస్తే అంతే వస్తుంది. కానీ అది ఉత్త లెక్క. ఏ రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు ఇచ్చినా అక్షాంశ రేఖాంశాలతో దూరం తీసి, జెట్ వేగంతో భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలిపేస్తారు. అక్కడ విమానం తిరుగుతుందా లేదా అన్నది ఆ లెక్కకు పట్టదు.

ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో మొదలైంది. ఆయన అడిగిన రోజున మాత్రం ఇక్కడి నుంచి నేరుగా సర్వీసు లేదు. చిన్న ఊరి విమానం ఎక్కువగా పెద్ద ఊరికే పోతుంది. 2017 ఏప్రిల్ 27న, ఉడాన్ (చిన్న ఊళ్ళకు విమానాలు నడిపించే కేంద్ర పథకం) మొదటి విమానాలు ఎగిరిన రోజే, కడపకూ సర్వీసు వచ్చింది. అదీ హైదరాబాద్‌కే. చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి సీట్లు నిండాలి కదా! మరి హైదరాబాద్ మీదుగా వెళ్తే? 415 కిలోమీటర్లు ఉత్తరానికి ఎగిరి, మళ్ళీ దాదాపు 200 కిలోమీటర్లు రోడ్డు మీద దక్షిణానికి రావాలి.

అపోహ: ఏటీఆర్ బదులు ఎయిర్‌బస్ ఎక్కితే సగం టైమ్‌లో చేరతాం.

ఏటీఆర్ అంటే రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం, గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. జెట్ విమానమైన ఎయిర్‌బస్ 800 దాటుతుంది. అయినా హైదరాబాద్‌కు తేడా పది నిమిషాలు అటూ ఇటూ. ఎందుకంటే వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్ళు కావాలన్నది పైలట్ల కొండగుర్తు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. 30 వేల అడుగుల్లో ఉన్న విమానం సుమారు 167 కిలోమీటర్ల ముందే దిగడం మొదలెట్టాలి. ఎక్కడానికీ దాదాపు అంత దూరం పోతుంది. ఇక 415లో పూర్తి వేగంతో పరిగెత్తడానికి మిగిలేదెంత? వంద కూడా ఉండదు.

అపోహ: విమానం గీత గీసినట్టు పోతుంది.

మన రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. ఉత్తరాన ఉన్న హైదరాబాద్‌కైనా, గాలిని బట్టి తూర్పుకో పడమరకో లేచి తర్వాత తిరగాల్సిందే.

అపోహ: టికెట్ మీది టైమంతా ఆకాశంలోనే.

కాదు. ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. కౌంటర్ గంట ముందే మూసేస్తారు, అది మీరు వేరే కలుపుకోవాలి. కొండ మీద ఆలస్యమైందని ఘాట్ రోడ్డులో కారు తరుముదామంటే కుదరదు, మరీ ముందు చేరినా ఫైన్ వేస్తారు!

ఆ పెద్దాయన చివరికి రాత్రి బస్సెక్కారు, కడప, నంద్యాల మీదుగా. తెల్లారి ఫోన్ వచ్చింది. "ఓర్వకల్లులో మీ ఎయిర్‌పోర్టు బోర్డు కనబడింది నాయనా. ఇంకో అరగంటలో ఇల్లు."