అది చెట్టుని తింటోందా, తాతయ్యా?

చిన్నీ, బుజ్జీ,

మీ ప్రశ్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తోటలో మామిడి కొమ్మని పట్టుకుని వేలాడుతున్న మొక్క చెట్టుని తినేస్తోందా, అయితే కొడవలితో గీకి పారేయొచ్చు కదా అని. మన పాలేరు కూడా ఏటా ఇదే అంటాడు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

తినదు. గీకొద్దు.

మా చిన్నప్పుడు ఊళ్ళో ఇంటింటికీ వీధి అరుగు ఉండేది. ఎండన పడి వచ్చిన బాటసారి ఎవరినీ అడక్కుండానే దాని మీద నడుం వాల్చేవాడు. చెంబూ, తుండుగుడ్డా, అటుకుల మూటా అన్నీ వెంట తెచ్చుకునేవాడు. ఇంట్లోకి తొంగి కూడా చూసేవాడు కాదు. మా నాయనమ్మ మజ్జిగ ఇస్తానంటే తాగేవాళ్ళు తాగేవారు, వద్దనేవాళ్ళు వద్దనేవారు. ఆ జోలెలో ఏముంటుందో చూడాలని మా తమ్ముడూ నేనూ స్తంభం చాటున కాపు కాసేవాళ్ళం. ఒక బైరాగి శంఖం తీసి ఊదమని మా చేతికే ఇచ్చాడు. బుగ్గలు నొప్పెట్టాయి గానీ కూత రాలేదు. మా నాయనమ్మ లోపల్నుంచి నవ్విన నవ్వు మాత్రం వీధంతా వినబడింది. సరే, అసలు సంగతికి వద్దాం.

మీరు చూసిన మొక్క ఆ బాటసారి లాంటిది. పేరు వాండా టెసెల్లేటా, ఆర్కిడ్లలో ఒకటి. దానికి కావలసిందల్లా కాస్త ఎత్తు, గాలి, ఆకుల సందుల్లోంచి పడే ఎండ. కొమ్మ దానికి అరుగు, అంతే. మన వైపు చెట్టెక్కిన ప్రతి పరాయి మొక్కనీ బదనిక అనేస్తారు. అసలు బదనిక వేరే. అది తిన్నగా వంటింట్లోకి నడిచి కుండ మూత తీసే రకం. కొమ్మలోపలికి చొచ్చుకుపోయి చెట్టు నీళ్ళు తాగేస్తుంది. అతుక్కున్న చోట కొమ్మ ఉబ్బి బుడిపె కడుతుంది. వాండా వేళ్ళు అలా చొరబడవు. బెరడు మీద పాకుతాయి, కొన్ని ఊరికే గాలిలో వేలాడతాయి. వాటి కింద బెరడు బెరడులాగే ఉంటుంది.

మరి నేలని తాకని వేరుకి నీళ్ళెక్కడివి? బాటసారి భుజం మీద తుండుగుడ్డ ఉందన్నాను కదా. వాండా వేరు కూడా ఒక గుడ్డ చుట్టుకుని ఉంటుంది. ఆ పై పొరలోని కణాలు ఎప్పుడో చచ్చిపోయి డొల్లగా మిగిలినవి. వాన చినుకు పడగానే గభాలున పీల్చుకుని లోపలున్న బతికిన వేరుకి అందిస్తాయి. ఎండినప్పుడు వేరు తెల్లగా ఉంటుంది, తడిస్తే లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఆ పచ్చదనం పుణ్యమా అని ఆకులతో పాటు వేళ్ళు కూడా ఎండలో కాస్త ఆహారం వండుకుంటాయి. బాటసారి మిట్టమధ్యాహ్నం దారి పట్టడు కదా, ఇదీ అంతే. ఎండ వేళ ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి, కావలసిన గాలి లోపల దాచుకుంటుంది. నీళ్ళు ఆవిరైపోకుండా ఈ జాగ్రత్త.

అన్నిటికంటే వింత దీని విత్తనం. వేరుశనగ గింజలో మొలకకి సరిపడా తిండి ఉంటుంది, అందుకే మనమూ దాన్ని తింటున్నాం. వాండా కాయ పగిలితే వేలకు వేల గింజలు దుమ్ములా ఎగిరిపోతాయి. ఏ ఒక్కదాని దగ్గరా అటుకుల మూట ఉండదు. బెరడు సందులో ఒక రకం బూజు దొరికితే అది తినిపిస్తుంది, లేకపోతే మొలక లేదు. అమెరికాలో నడ్సన్ అనే ఆయన 1922లో ఆ బూజు లేకుండానే, గాజు సీసాలో పంచదారా లవణాలూ కలిపిన మేత మీద ఆర్కిడ్ గింజల్ని మొలిపించి చూపించాడు. ఇవాళ నర్సరీల్లో సీసాల్లో పెరిగే పిల్ల మొక్కలన్నీ ఆయన చలవే. కానీ తోటలో సీసా పట్టుకున్నవాడెవడూ లేడు. దుమ్మంత గింజ గాలికి కొట్టుకొచ్చి, అంత పెద్ద చెట్టులో సరిగ్గా ఆ బూజున్న పగులులోనే వాలడం! దీన్ని నేను విడమరిచి చెప్పను. మీరే తలుచుకోండి.

పువ్వు వేసవిలోనూ తొలకరిలోనూ పూస్తుంది. పసుపూ ఆకుపచ్చా కలిసిన రేకుల మీద గోధుమ రంగు గళ్ళు, కింద పెదవి మాత్రం ఊదా రంగు. దగ్గరకెళితే మంచి వాసన. ఈ గళ్ళ పువ్వుని లోకానికి పరిచయం చేసింది మన సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, 1795లో లండన్‌లో అచ్చేయించిన పుస్తకంలో దీన్నీ చేర్చాడు. బొమ్మలు గీసినవాళ్ళ పేర్లు మాత్రం అందులో వెయ్యలేదు. నాకు అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బుజ్జికి బాల్కనీలో ఒకటి పెంచాలని ఉందట. పెంచు. సంతలో కట్టలు కట్టి అమ్మేది మాత్రం కొనకు, అది అడవిలో పీకుకొచ్చిన సరుకు. రాస్నా అని మందులకి కూడా దీన్ని తెగ పీకుతున్నారు. నర్సరీలో పెంచిన మొక్కే అడిగి తెచ్చుకో. మట్టి నింపిన కుండీలో పెట్టావంటే వేళ్ళకి ఊపిరాడక కుళ్ళిపోతాయి. చెక్క బుట్టలో నాలుగు బొగ్గు ముక్కలూ కొబ్బరి డొక్క ముక్కలూ వేసి కూర్చోబెట్టు, లేదా మామిడి చెక్కకి నూలు గుడ్డతో వదులుగా కట్టు. పొద్దున్నే నీళ్ళు చల్లు, వేసవిలో రోజూ. ఆకుల నడిమి మొవ్వులో నీళ్ళు నిలవనీయకు. కొత్త ఆకు అక్కడి నుంచే వస్తుంది, అది కుళ్ళితే మొక్క ఎదుగుదల ఆగిపోతుంది. పూత ఆలస్యమవుతుంది. టెన్షన్ పడి రోజూ ఎరువు పోయకు.

చిన్నీ, నువ్వు తోటకెళ్ళినప్పుడు ఎండిన తెల్లటి వేరు ఒకటి చూసుకుని దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు వెయ్యి. ఎంతసేపట్లో పచ్చబడిందో, రంగు ఏ వైపు నుంచి పాకిందో నాకు రాసి పంపు.

మీ తాతయ్య