నెల్లూరు పాతపేటల ఇళ్లు: అపోహలు - వాస్తవాలు

రంగనాయకులపేట, మూలాపేట, సంతపేట సందుల్లో మిగిలిన మండువా ఇళ్లు (నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి ఉన్నవి), పాత మిద్దెలు వయసు మీదపడి పాడయ్యేది తక్కువ. బాగుచేస్తున్నామనుకుని మనం చేసే పనులతో పాడయ్యేదే ఎక్కువ. మరమ్మతుకు వెళ్లిన చోటల్లా వినిపించే మాటలివి.

అపోహ: "ఇవి తిక్కన కాలం నాటి ఇళ్లు."

ఊరు అంత పాతదే. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఏలిన విక్రమసింహపురి ఇదే. కానీ ఇప్పుడు నిలిచి ఉన్న ఇళ్లను అంత వెనక్కి జరపలేం. వయసు చెప్పే గుర్తులు ఇంట్లోనే ఉంటాయి. మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ల పెంకుల ఫ్యాక్టరీ మొదలైంది 1865లో, కాబట్టి మంగుళూరు పెంకు అంతకుముందుది కాదు. ఇనుప దూలం మీద డార్మన్ లాంగ్ అనే ఇంగ్లండు కంపెనీ ముద్ర ఉంటే 1875కి ఇవతలిది. టాటా ముద్రయితే 1912 నుంచి ఇటు వచ్చింది. అయితే పెంకు చెప్పేది కప్పు వయసే. నాటు పెంకు తీసేసి మంగుళూరు పెంకు వేయించుకున్న ఇళ్లలో గోడలు ఇంకా పాతవై ఉండొచ్చు.

అపోహ: "ఇల్లు భూమిలోకి కుంగింది."

చాలాసార్లు ఇల్లు కుంగదు, రోడ్డు లేస్తుంది. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే ఇంకోటి పోస్తే ఒక్కోసారి నాలుగు నుంచి ఆరు అంగుళాలు పెరుగుతుంది. నాలుగు మెట్ల అరుగుకు చివరికి ఒక మెట్టు మిగులుతుంది. నిజంగా కుంగిన ఇంట్లో గోడ మూలల్లో మెట్లుమెట్లుగా బీటలు కనిపిస్తాయి, గుమ్మం వంకరపోయి తలుపు పట్టేస్తుంది. అవేవీ లేకపోతే ఇంటిని అనుమానించొద్దు. అసలు నష్టం వేరే ఉంది. అరుగు కింద రాతి వరసలు పెట్టింది నేల చెమ్మ ఇటుకదాకా రాకుండా ఆపడానికి. రోడ్డు ఆ వరసల్ని కప్పేస్తే తడిమట్టి నేరుగా ఇటుకకే తగులుతుంది.

అపోహ: "చెమ్మ పట్టిన గోడకు సిమెంటు పూస్తే గట్టిపడుతుంది."

ఎక్కువ ఇళ్లను చంపుతున్నది ఈ ఒక్క మాటే. పాత ఇటుకా మెత్తనిది, మధ్యన ఉన్న సున్నమూ మెత్తనిది. నేలనుంచి ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. రెండడుగుల దగ్గర ఆగాల్సిన చెమ్మ నాలుగడుగులు ఎక్కి, పూత అంచు పైన బయటపడుతుంది. లోపల ఉప్పు గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. పూత ఒకచోట ఊడదీసి వేలితో గీరితే ఎర్రటి పొడి రాలుతుంది. అది చూసి ఇంకో రెండడుగులు సిమెంటు పూయిస్తారు!

చేయాల్సింది ఇదీ. సిమెంటును ఉలితోనే తీయాలి, మిషను పెడితే ఇటుక మొహం పగులుతుంది. చెమ్మ గీతకు అడుగు పైదాకా తీసి, సందుల్లో వదులైన సున్నాన్ని అంగుళం లోతు గీరి, ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. ఒక ఎండాకాలం ఆరనివ్వండి. తర్వాత కనీసం వారం నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఏటి ఇసుక మూడు పాళ్లు కలిపి, అర అంగుళానికి మించకుండా పొరలుగా పూసి, తడి గోనెపట్టాలు కప్పాలి. ఉప్పునీటి బోరు నీళ్లు కలపొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ఈ పని పెట్టుకోవద్దు. పైన సున్నమే వేయాలి. ఎనామిల్ రంగు వేస్తే సిమెంటు చేసిన పనే అదీ చేస్తుంది.

కోడిగుడ్లతో గోడలు కట్టారన్నదీ అపోహే. గుడ్డు సొన వాడింది చివరి నునుపు పూతలో. కట్టుబడి సున్నంలో కలిపింది బెల్లం, కరక్కాయ నీళ్లు.

అపోహ: "మిద్దె కారితే పైన కాంక్రీటు పోయడమే."

మిద్దెలో టేకు దంతెల (కప్పును మోసే చిన్న దూలాల) మీద పలుచటి ఇటుకలు అంచున నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక కంకర, సున్నం వేసి కొట్టి బిగించారు. దానిమీద రెండు అంగుళాల కాంక్రీటు పోస్తే చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు. 20 చదరపు మీటర్ల గదికి 2,400 కిలోలు. ఆ బరువు మోయాల్సిన దంతెల కొనలు గోడలోపల ఉంటాయి, ముందు పుచ్చేవీ అవే. గోడను ఆనుకున్న చోట స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. సులువుగా అంగుళం దిగితే ముందు ఆ దంతె సంగతి చూడాలి. కారేది తరచుగా తూము దగ్గరో, పిట్టగోడ మొదట్లోనో. అక్కడ విప్పి సున్నంతో వాలు సరిచేస్తే చాలు.

అపోహ: "చల్లదనమంతా గోడల మందంలోనే ఉంది, మండువా మూసేసినా పర్వాలేదు."

అడుగున్నర గోడ పగటి వేడిని రాత్రిదాకా పట్టి ఉంచుతుంది, అంతే. రాత్రి వదిలే ఆ వేడి పైకి పోవాల్సింది మండువా గుండానే. దాన్ని ప్లాస్టిక్ షీటుతో బిగించేస్తే మే నెలలో ఇంట్లో పడుకోలేరు. కోతుల భయముంటే వల వేయండి. వానకు షీటు తప్పదనుకుంటే చూరుకంటే అడుగున్నర ఎత్తున నిలబెట్టి, నాలుగు పక్కలా తెరిచి ఉంచండి.

అపోహ: "పక్కిల్లు పడగొడితే మనకేం?"

వరస ఇళ్లలో ఉమ్మడి గోడమీద రెండువైపుల దంతెలూ ఆనుతాయి. పక్కవాళ్లవి లాగేస్తే గోడలో బొక్కలు మిగులుతాయి, ఎన్నడూ వాన చూడని ఇటుక తుపానుకు ఎదురుగా నిలుస్తుంది. కూల్చకముందే మీ గోడలోని బీటలన్నిటికీ తేదీతో ఫొటోలు తీయండి. ఆ బొక్కల్ని ఇటుక, సున్నంతో పూడ్పించి, అక్టోబరులోపు బయటివైపు సున్నపు పూత వేయించండి. కొత్త పునాది గుంత ఉమ్మడి గోడ అడుగుకంటే లోతుకు పోతుంటే, మొత్తం ఒకేసారి కాకుండా నాలుగైదు అడుగుల ముక్కలుగా తవ్వమని మేస్త్రీతో ముందే ఒప్పందం చేసుకోండి.